ఏడో కాలమ్

హడర్స్‌ఫీల్డ్ నీళ్ళ కంపెనీలో నాకిచ్చిన పని
డోరీన్ ఆక్రాయిడ్‌కి తెలిసిందంతా
ఆరు వారాల్లో ఎక్సెల్‌లోకి ఎక్కించడం.
ముప్ఫై ఒక్కేళ్ళ ఉద్యోగం.
ఏడు కాలమ్‌లు.

పక్కనే కుర్చీ వేసుక్కూచున్నాను.
తెర మీద ప్రెషర్ గీతల్ని ఆవిడ
పొయ్యి మీది పాలని చూసినట్టు
చూడనట్టే చూస్తుంది.
"ఇప్పుడేం చేస్తున్నారు?"
"ఏం లేదమ్మా."
ఏం లేదు అని రాయడానికి గడి లేదు.
కంపెనీ లెక్కలో ఆ గంట ఖాళీ.

మూడో వారం, బిస్కెట్ టీలో ముంచుతూ,
"లిండ్లీ వాల్వు తిరగవైపు మూసుకుంటుంది,
మ్యాపులో ఉండదు" అంది.
మీకెలా తెలుసు?
"రెజ్ బిగించాడు, మంచులో బూతులు తిట్టుకుంటూ.
నేను టార్చి పట్టుకున్నాను."
రెజ్ పోయి పదేళ్ళు.
'ఆధారం' గడిలో
టార్చి అని కొట్టాను.

శుక్రవారం నిమ్మకాయ కేకు, అందరూ సంతకాలు పెట్టిన కార్డు.
"ఇక మన జ్ఞానమంతా సర్వర్లో భద్రం"
అన్నాడు ఫెయిర్‌క్లఫ్.
అందరికంటే గట్టిగా డోరీనే చప్పట్లు కొట్టింది.

మరుసటి గురువారం రాత్రి రెండూ పది.
గీత జారింది.
ఆరువందల నలభై వరసలు వెతికాను, లేదు.
సిబ్బందిని లేపి రోడ్డు తవ్వించాలా?
వేళ్ళు ఆవిడ నంబరే నొక్కాయి.

"ఇవాళ గురువారం కదమ్మా,"
నిద్ర గొంతు,
"బీరు ఫ్యాక్టరీ తొట్లు కడుగుతోంది. కాసేపాగు."
మరి నాకు చెప్పలేదేం?
"నాకు తెలుసని
నాకు మాత్రం ఏం తెలుసు?"

రెండూ ఇరవై రెండుకి గీత లేచింది.
వంటల పుస్తకంలో
'ఉప్పు తగినంత' అని రాసి తప్పుకున్నవాళ్ళ మీద
ఇన్నాళ్ళూ నాకు కోపం.
ఆ ఒక్క మాటలో ఎన్ని చేతులు కాలాయో
ఆ పన్నెండు నిమిషాల్లో లెక్కపెట్టుకున్నాను.

పొద్దున్నే ఫెయిర్‌క్లఫ్ మెయిలు:
ఏడో కాలమ్ ఇంకా నింపలేదేం?
విలువ, పౌండ్లలో.

ఎవరూ నిద్ర లేవలేదు.
ఏ రోడ్డూ తవ్వలేదు.
ఏ ఇంట్లోనూ కుళాయి దగ్గలేదు.
జరగనిదానికి
బిల్లు ఏ పద్దు కింద రాయను?

గడి అలాగే ఉంది.
కొత్తగా చేరిన కుర్రాడు ఇద్రీస్‌ని
ఈ గురువారం రాత్రికి
కుర్చీ తెచ్చుకోమన్నాను.
ల్యాప్‌టాప్ తేనా అన్నాడు.
బిస్కెట్లు తెమ్మన్నాను.