ఇతరములు

పెరుంబాక్కంలో లిఫ్టు పాడై పదకొండు రోజులు.
ఎనిమిది అంతస్తులెక్కి
ఊపిరందక నిలబడితే
తలుపు తీసిన చెంగమ్మ
"ముందు కూకో, తర్వాత అడుగుదువులే" అంది.

నా దగ్గర ముప్పై నాలుగు ప్రశ్నలున్నాయి.
ప్రొఫెసరు గారు రెండేళ్ళు చెక్కినవి.
ఒక్కోదాని పక్కన చిన్న గడి,
గడిలో పట్టే జవాబుకో అంకె.
తెలుగు ఒకటి, తమిళం రెండు, ఉర్దూ మూడు.
తెలియదంటే ఎనభై ఎనిమిది.
వర్తించకపోతే తొంభై తొమ్మిది.

పేరు?
రేషన్ కార్డులో సెంగమ్మాళ్.
కార్పొరేషన్ మస్టరులో ఉత్త సెంగా.
ఆస్పత్రి చీటీలో ఎవరో తొందరలో రాసిన సంగమ్మ.
"సూళ్ళూరుపేట అమ్మోరి పేరు పెట్టింది మా అవ్వ.
ఆమె గూడా ఆ ఊరు చూళ్ళా."

మాతృభాష?
నవ్వింది.
"చీపురుకట్టలు లెక్కబెట్టేది తెలుగులో.
మేస్త్రీతో కొట్లాడేది అరవంలో.
నా మొగుడు పోయిన పొద్దు
ఏ బాసలో ఏడిస్తినో
పక్కింటోళ్ళని అడగాల నువ్వు."
పెన్ను కొంచెం ఆగింది.
అయినా ఒకటే వేశాను.

స్వస్థలం?
"పులియంతోపు. కాలవ గట్టు.
బుల్డోజరు వచ్చిన పొద్దు మేం పనిలో ఉండాం,
ఎవరి వీధో ఊడుస్తా.
అది తావు.
ఇది తావు గాదు, అలాట్‌మెంటు."

తావు.
మా నెల్లూరులో నానమ్మతోనే పోయిందనుకున్న మాట
ఇక్కడ, ఆరేసిన యూనిఫారం కింద,
చుక్క చుక్కగా కారుతూ బతికే ఉంది.
మార్జిన్లో రాసుకున్నాను. దానికి గడి లేదు.

గుమ్మంలో మనవడు.
తెలుగులో అడిగితే తమిళంలో,
తమిళంలో అడిగితే ఇంగ్లీషులో జవాబు.
బళ్ళో కులమేమని రాస్తావురా అని అడగలేదు.
అది ఇరవై ఆరోది, ఇంకా రాలేదు.

పందొమ్మిది: మీ సముదాయపు ప్రత్యేక ఆచారాలేవి?
చాలాసేపు ఆలోచించింది, నా మీద జాలిపడినట్టు.
"ఆడి నెలలో గంగమ్మకి అంబలి పోస్తాం.
నీళ్ళ లారీ రాకుంటే అదీ లేదు."
ఆగి,
"తెల్లారుజామున మేం పోయే బస్సులో
మా పక్క సీటు ఖాళీగా ఉంటాది.
అది మా ఆచారమో, వాళ్ళ ఆచారమో
సదువుకున్నదానివి, నువ్వే చెప్పు."

ఏ అంకెలోనూ పట్టలేదు.
'ఇతరములు' అని చుక్కల గీత ఉంది, రెండంగుళాలు.
దాని మీద రాశాను: బస్సు.

"ఇంతకీ నువ్వెవరింటి పిల్లవమ్మా?"

శిక్షణలో చెప్పారు,
మీ గురించి చెప్పకండి,
నవ్వి తర్వాతి ప్రశ్నకి వెళ్ళండి.
నవ్వాను. వెళ్ళాను.
మా ఇంటిపేరు వెనక పదెకరాల మాగాణి,
పెరటి గోడమీద విడిగా బోర్లించిన సత్తు గ్లాసు
నా వెంటే నడిచి ఇరవయ్యో ప్రశ్నలో కూర్చున్నాయి.

"దాహమేస్తుందా?"
వేస్తుందన్నాను.
మూలన బిందె నిండుగా ఉంది.
మూత మీద గ్లాసు, తోమి, మెరుస్తూ.
ఆమె అటు చూడలేదు.
మనవడి చేతిలో ఇరవై రూపాయలు పెట్టింది.
వాడు ఎనిమిది అంతస్తులు దిగి, ఎనిమిదీ ఎక్కి
సీలు విప్పని సీసా తెచ్చాడు.

ఆ బిందెలోవి చాలమ్మా అనే వాక్యం
నాకు రెండు భాషల్లోనూ వచ్చు.

సముద్రానికి ఎదురుగా మా డిపార్ట్‌మెంటు.
కిటికీ మూసి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి
విన్నది విన్నట్టు టైపు చేస్తున్నాను.
ఇరవై మూడో నిమిషం దగ్గర
మూత తిరుగుతూ సీలు తెగిన చప్పుడు.
వెనక్కి తిప్పి విన్నాను.
మళ్ళీ విన్నాను.
మాట కానిదాన్ని బ్రాకెట్లో పెట్టాలని నియమం.
పెట్టాను:
(అస్పష్ట శబ్దం)