చుట్టు మీద సగం చుట్టు

కింద చీజ్ గోదాంలో మోటారు లేచినప్పుడల్లా
పైన మా గీత జడుసుకుంటుంది.
భూమి కాదు, ఔరెలియో ఫ్రిజ్.
సావ్ జోర్జ్ దీవిలో భూకంపాలు కనిపెట్టే గది ఇది;
కుర్చీ ఒకటి, స్టవ్వు ఒకటి, నేను.

కేబులు కలిసేచోట నల్లతోలు ఒలిచాను.
లోపల సన్నని జడ, అక్కడక్కడ తెగిన వెంట్రుకలు.
రాగి టేపు చుట్టాను,
చుట్టు మీద సగం చుట్టు, గోటితో నునుపు చేస్తూ.
అంచు తగిలి వేలు తెగింది.
నోట్లో పెట్టుకుంటే అదీ రాగి రుచే.

జిగురును నమ్మకు అనేది, పని నేర్పిన దెల్మీరా.
"అంటుకున్నవన్నీ కలిసినట్టు కాదు."
అందుకని ఒక చుక్క టంకం.
ఎర్త్ తీగ ఒక్క కొసకే.
రెండు కొసలా కడితే తిరిగి తిరిగి మళ్లీ అదే గోల.

మీటరు కుయ్యిమంది.
కింద మోటారు లేచింది, బల్బు ఒక్కసారి మసకేసింది.
గీత కదల్లేదు

అనుకున్నాను. వంగి చూస్తే
ఏడెనిమిది సెకన్లకోసారి మెత్తని ఊపు,
నిద్రపోయేవాడి పొట్టలా.
ఇన్నాళ్లూ ఫ్రిజ్ గోల కింద అణిగి ఉన్నది
ఉత్తరపు కొండచరియను అట్లాంటిక్ కొట్టుకోవడం.

దానికి టేపు లేదు.
మిగిలిన జానెడు ఔరెలియోకి ఇస్తాను,
నత్తలెక్కకుండా పుదీనా కుండీకి చుట్టుకుంటాడట.