ఆ పేరుతో ఇక్కడెవరూ లేరు

గుంటూరు మిర్చియార్డు, మార్చి నెల,
తెల్లవారుజాము మూడున్నర.
కాటా గదిలో నేనూ, నా ల్యాప్‌టాపూ,
పదకొండేళ్ల నాటి ఆఫీసు కంప్యూటరూ
ముగ్గురం తుమ్ముతున్నాం.
నిన్న దాని ఫ్యానులోంచి దులిపిన కారం
ఒక పూట పచ్చడికి సరిపోతుంది.

కొత్త కాటా బిగించిన కంపెనీవాళ్లు
ఒక లైబ్రరీ ఇచ్చి వెళ్లారు.
సోర్సు ఇవ్వలేదు. మూత రాని డబ్బా.
వాళ్ల ఊళ్లో, వాళ్ల మిషను మీద,
నిన్నగాక మొన్నటి కంపైలరుతో కట్టిన సరుకు.
ఇక్కడ లింకు చేయబోతే
లింకరుది ఒకటే మాట:
అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్.
ఆ పేరుతో ఇక్కడెవరూ లేరు.

ఎవరా అని చూస్తే
ముందు రెండు కింది గీతలు,
నడుమ ఏదో ప్రమాణం, దాని నంబరు ఇరవైమూడు,
చివర్న మాత్రం కాలేజీ రోజుల్నుంచీ నాకు తెలిసిన మనిషి.
అక్షరాలుగా వచ్చిన అంకెల్ని
లెక్కకు పనికొచ్చే సంఖ్యగా మార్చే గుమాస్తా.
కాటా చెప్పే ప్రతి బరువూ వాడి చేతి మీదుగా వెళ్లాల్సిందే.
ఈ పాత పెట్టెలోనూ ఉన్నాడు,
పిలిస్తే పలుకుతాడు.
కానీ కొత్త హెడరు ఫైళ్లు ఎవరికీ చెప్పకుండా
వాడి ఇంటిపేరు మార్చేశాయి.
లింకరుకు మనుషులు తెలీదు.
పేర్లు తెలుసు.

పోనీ నా ల్యాప్‌టాపులో కట్టి తెస్తే
ప్రోగ్రాం ఇక్కడ గడపే దాటలేదు.
నాకు రెండు పాయింట్ ముప్పై ఎనిమిది కావాలంది,
ఇక్కడున్నది రెండు పాయింట్ పదిహేడు.
కొత్త కంప్యూటరు పెట్టండి అంటే
"పెడితే పాత ప్రింటరు మొరాయిస్తది,
ప్రింటరు మారిస్తే రసీదు సైజు మారుద్ది,
సైజు మారితే ఆడిట్‌లో ఎవడు నిలబడతాడు?"
సెక్రటరీ ఫోను పెట్టేశాడు.

బయట హారన్లు.
తేజ రకం, రెండొందల టిక్కీల లారీ,
దాని వెనక ఇంకోటి,
గేటు దాటి రోడ్డెక్కిన తోక.

మస్తాన్ వలి చాయ్ తెచ్చాడు.
ఇరవై ఆరేళ్లు కాటా రాసిన చెయ్యి.
తెర మీద ఎర్ర అక్షరాలు చూసి
"ఏమంటందమ్మా?"
"మనిషి ఉన్నాడండీ, పేరే కుదర్లేదు."
గ్లాసు ఊదుకుంటూ నవ్వాడు.
"నా పీఎఫ్ కూడా అదే అంటంది.
పాత పుస్తకంలో మస్తానయ్య,
ఆధార్‌లో షేక్ మస్తాన్ వలి.
రెండేళ్ల నుంచి తిరుగుతున్నా.
ఎదురుగా నిలబడితే
ఆయన్ని తీసుకురమ్మంటారు."

నాలుగు వరసలు రాశాను.
కొత్త పేరుతో ఎవరైనా వచ్చి అడిగితే
లోపలున్న పాతాయన దగ్గరికే పంపమని.
మర్యాదైన పని కాదు.
రేపెవరో ఈ ఫైలు తెరిచి నన్ను తిట్టుకుంటారు.
కొత్తాయనకు ఒకట్లూ సున్నాల భాష కూడా
చదవడం వచ్చట.
మిరపకాయలకు దాంతో పన్లేదు.

లింకరు ఏమీ అనలేదు.
అది ఏమీ అనకపోవడమే
దాని నోట మంచి మాట.

లారీ ఎక్కింది. అంకె కాసేపు వణికి
పద్నాలుగు వేల నూట అరవై దగ్గర ఆగింది.
మస్తాన్ వలి నమ్మకం చాలక
పాత పుస్తకంలోనూ పెన్నుతో ఎక్కించాడు.
సంతకం దగ్గర చెయ్యి ఆపి
"ఆ నాలుగు వరసలూ
కాగితం మీద రాసిస్తే
పీఎఫ్ ఆఫీసులో పనిచేస్తయ్యా?"

జవాబు నోటిదాకా రాకముందే
తుమ్మొచ్చింది.