తొమ్మిదో ప్రశ్న

నా గది తలుపు మీద పలకలో
డైరెక్టర్, పీహెచ్‌డీ ప్రోగ్రాం, క్లినికల్ సైకాలజీ అని ఉంటుంది.
లోపల కారే ఏసీ, దాని కింద ప్లాస్టిక్ బకెట్,
పదకొండు మంది పరిశోధకుల ఆరునెలల నివేదికలు,
కిటికీలోంచి, ఎచ్చెర్ల దగ్గర హైవే మీద
పలాస వైపు పోయే లారీల రొద.

శుక్రవారం మూడింటికి అందరం గుండ్రంగా కూచుంటాం.
ఎవరు ఎంతమందిని కలిశారు, ఎవరి పట్టిక నిండింది,
ఎథిక్స్ కమిటీ ఎవరి కాగితాలు తిప్పి పంపింది.
నేను గడువులు చెబుతాను.
గడువులు చెప్పడానికే నాకీ కుర్చీ ఇచ్చారని
మొదటి ఏడాది అనుకున్నాను.

ఢిల్లేశ్వరరావుది కవిటి పక్కన పల్లె.
ఉద్దానంలో డయాలిసిస్ మంచాల దగ్గర కూచుని
నిరాశను కొలవడం అతని సిద్ధాంత వ్యాసం.
కొలబద్ద ఎక్కడో సముద్రాల అవతల తయారైంది.
తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు.
మొదటిసారి తెలుగు చేసి తెచ్చాడు:
"గత రెండు వారాలుగా, మరణించి ఉంటే మేలనెడి
ఆలోచనలు మిమ్ము బాధించినవా?"
"ఎవరు బాబూ ఇలా మాట్లాడేది, పాత రేడియోనా?" అన్నాను.
అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు.

రెండోసారి మంచాల దగ్గరి మాటల్లోనే తెచ్చాడు:
"ఎందుకొచ్చిన బతుకు, పోతే బాగున్ను అనిపిత్తందా?"
నీలాచలం అనే కొబ్బరి రైతు
గొట్టంలో తిరిగే తన నెత్తురు కేసే చూస్తూ అన్నాడట:
"వారానికి రెండుమార్లు సచ్చి లెగుత్తన్నాను నాయినా,
ఇంకా అనిపించడవేటి?
మా కొబ్బరి మొక్కలకి నీళ్లెట్టీవోల్లు నేరు, అదడుగు.
ఆ కాయితంలో నేదా అది?"

లేదు. ఆ కాగితంలో లేదు.
"ఎంత వెయ్యమంటారు మేడం? ఒకటా, మూడా?"
చీకటి పడేదాకా వాదించుకున్నాం.
ఎవరో సగటు తీసుకోమన్నారు.

అరవై నాలుగో మనిషి తర్వాత
ఢిల్లేశ్వరరావు రాయడం మానేశాడు.
శుక్రవారాలు వచ్చేవాడు, గోడ పక్కన కూచునేవాడు,
ఆరిపోయిన ఫోను తెరను బొటనవేలితో రుద్దుతూ.
నేను, ఒప్పుకోవాలి,
నివేదిక ఆలస్యమైందని రెండు మెమోలు పంపాను.
ముప్పయ్యేళ్లుగా ముఖాలు చదవడం నేర్పుతున్నదాన్ని.

మూడోది టైపవుతూండగా
ఖాళీ గ్లాసులకని వచ్చిన క్యాంటీన్ గవరయ్య
ఎటో చూస్తూ అన్నాడు:
"ఆ కవిటి గుంటడు సగం టీ ఒగ్గీసి ఎలిపోతన్నాడమ్మా,
పది దినాలై. సెప్పాలనిపించింది."

పిలిచాను. తలుపు వేశాను. మెమో బోర్లా పెట్టాను.
బకెట్లో ఒక్కో చుక్కా పడుతోంది.
ఎనిమిది ప్రశ్నలూ దాటేసి,
రాజాంలో మా అమ్మమ్మ పలకరించే గొంతుతో,
ఇన్నాళ్ల చదువు కింద ఎక్కడో పడిపోయిన ఆ గొంతుతో:
"ఏట్రా, ఎలాగున్నావు? పోతే బాగున్ను అనిపిత్తందా?"

అతను చాలాసేపు బకెట్టు కేసి చూశాడు.
తర్వాత, ఎవరిదో పట్టిక నింపుతున్నవాడిలా,
"రెండు" అన్నాడు.

ఆ రాత్రి హాస్టల్‌కి పంపలేదు.
వాళ్ళన్నయ్య సోంపేట నుంచి ఆఖరి బస్సు దిగేదాకా
నేనొకవైపు, గవరయ్యొకవైపు.
సొంత విద్యార్థికి వైద్యం చెయ్యకూడదు, మంచి నియమమే.
తెల్లారి డాక్టరు గది బయట బెంచీ మీద
కూచోకూడదని మాత్రం ఏ నియమంలోనూ లేదు.

శుక్రవారాలు కొంచెం మారాయి.
గడువుల కంటే ముందు
ఎవరు మోసుకొచ్చింది వాళ్ళు దించుకుంటారు.
కొందరు దించరు. బలవంతం లేదు.
గవరయ్య టీ తెచ్చి, వెంటనే వెళ్ళడు.

ఢిల్లేశ్వరరావు గడువు పొడిగింపు దరఖాస్తు
రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఎర్రసిరాతో తిరిగొచ్చింది:
కారణం గడి ఖాళీగా ఉన్నది, పూరించగలరు.
అనారోగ్యం అని రాస్తే ఆ మాట
రేపు అతను ఉద్యోగానికెళ్ళే ప్రతి తలుపు దగ్గరా
అతనికంటే ముందు నిలబడుతుంది.
అబద్ధమూ రాయలేను.
రెండు రోజులు బల్ల మీద ఉంచుకుని, రాశాను:
తొమ్మిదో ప్రశ్నకు అనువాదం ఇంకా పూర్తి కాలేదు.