ముసుగుకు కొలత

పూర్ణా మార్కెట్ వెనక సందులో
నాన్న మిషను పక్కనే స్టూలేసుకుని
రేపటి పాఠానికి నోట్సు రాసుకుంటున్నాను.
ద్వారకానగర్ కోచింగ్ సెంటర్లో
అమెరికా చరిత్రకి నాకు గంటకి మూడొందలు.
పుస్తకంలో ఫోటో చూసి
పెడల్ మీంచి కాలు తీశాడు నాన్న.
"ఇదేటే, పెళ్ళి ఊరేగింపా?"

కాదు నాన్నా.
పంతొమ్మిదొందల ఇరవై అయిదు, ఆగస్టు.
వాళ్ళ రాజధాని వీధిలో పట్టపగలు
వేలకి వేలమంది తెల్ల అంగీల్లో నడిచారు.
నల్లవాళ్ళు వద్దు, యూదులు వద్దు,
కాథలిక్కులు వద్దు, ఓడ దిగొచ్చినవాళ్ళు వద్దు.
వద్దు అనడానికి సభ్యత్వం పది డాలర్లు.
అందులో నాలుగు, చేర్పించినవాడి జేబుకి.
అంగీ ఖరీదు వేరే.

అంతా విని ఒక్కటే అడిగాడు:
"ఎవులు కుట్టినారు?"

పుస్తకంలో లేదు.

సుద్దముక్క తీసి బల్ల మీద లెక్క కట్టాడు.
మనిషికి అయిదు మీటర్లు, టోపీలో అట్ట కాక.
నలభై లక్షలమందంటన్నావు కదా,
రెండు కోట్ల మీటర్లు.
"ఇక్కడ్నుంచి భీమిలి దాకా పరిస్తే
ఆరేడొందల వరసలు. సముద్రం కనపడదు."
కాసేపాగి, "ఆడోళ్ళే కుట్టుంటారు, రాత్రిళ్ళు,
పిల్లలు పడుకున్నాక.
ముసుక్కి కొలతేటి? ఎవుడికైనా ఒకటే సైజు.
కళ్ళకి రెండు బెజ్జాలు.
ఆడు మనల్ని చూడాల, మనం ఆణ్ణి చూడకూడదు."

మరి ఎలా పోయినారు?

జనం తిరగబడ్డారని చెప్పాలనిపించింది.
కొందరు తిరగబడ్డారు కూడా,
పేర్లు అచ్చేసిన చిన్న ఊరి పత్రికలవాళ్ళు.
కానీ ఒక రాష్ట్రాన్నే జేబులో పెట్టుకున్న నాయకుడు
ఒక అమ్మాయిని చెరిచాడు.
ఆమె చనిపోతూ, మంచం మీంచి,
జరిగిందంతా చెప్పి రాయించి
సంతకం చేసింది.
ఆ కాగితంతో ఆడవాళ్ళ రక్షకులమన్న మాట పోయింది.
అయిదేళ్ళలో లక్షలు వేలయ్యాయి.
ఆఖర్న పన్ను బాకీ నోటీసొచ్చి
దుకాణం మూసేశారు.

"అంగీలు?"
అటకల మీదికెళ్ళుంటాయి. ట్రంకు పెట్టెల్లోకి.
"అయితే కుట్లు విప్పలేదు. మడత పెట్టినారంతే."
అవును నాన్నా. తర్వాత మళ్ళీ తీశారు.

సందులో చేపల బుట్ట దింపుతున్న చప్పుడు.
కరెంటు పోయి వచ్చింది.
ఫ్యాను మొదటి చుట్టు తిరిగేదాకా
నాన్న మాట్లాడలేదు.

"నువ్వు ఏడో తరగతిలో ఉన్నప్పుడు
రెండు వీధుల గొడవలో ఒకడొచ్చినాడు.
రెండు తానులు, రాత్రికి రాత్రి, రశీదొద్దన్నాడు.
రెండొందల నలభై.
అడగలేదు నాను. ఫీజు కట్టాల నీకు.
జలాలుద్దీను గాజుల కొట్టు కాలిపోయిన మర్నాడు
కరిగిన గాజుల పక్కన ఒకటి పడుంది.
అంచు మడత చూసినాను.
ఎవుడి మొకానిదో తెలీదు గానీ
చెయ్యి నాదే."

ఆ ఏడాది నాకు కొత్త బూట్లు కూడా.

నా కళ్ళు మిషను కిందికెళ్ళాయి.
నూనె తుడిచే గుడ్డ అక్కడే ఉంది, అట్టకట్టి,
నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ కాదు,
ఏడో తరగతి నుంచీ.
దాని రెండు బెజ్జాలూ
ఎలక కొరికినవనుకున్నాను ఇన్నాళ్ళూ.

తగలబెట్టలేదేం, అనలేదు నేను.
జలాలుద్దీన్ చాచా ఎక్కడికెళ్ళాడో కూడా అడగలేదు.
నోట్సులో "పతనానికి కారణాలు" కింద
మూడు రాసి, నాలుగు అని అంకె వేసి
కలం పట్టుకుని కూర్చున్నాను.

నాన్న సూదీ దారం నా వైపు చాపాడు.
"ఎక్కించు.
ఈమధ్య బెజ్జం కనపట్టంలేదు."