రెండు గోళ్ళ సిరా

పేరులోనే సుంకం ఉంది మా సుంకికి.
ఘాటీ మలుపులో వసూలు చేసేది మాత్రం నేనొక్కణ్ణే,
పేజీకి రెండు రూపాయలు, జిరాక్సు.

మార్చిలో ఓ మధ్యాహ్నం కరెంటు పోయిన వేళ
ఇలింక వచ్చి బల్ల మీద కూర్చుంది.
మోల్డోవా పిల్ల. సరిహద్దు ఊళ్ళ మీద పరిశోధన.
ఇంగ్లీషు మాట్లాడితే
తడిసిన మడిగట్టు మీద నడిచినట్టుంటుంది, నాకూ ఆమెకీ.
చేతిలో నలభై పేజీలు.
"యూరప్ తన పొరుగు కోసం రాసుకున్న విధానం," అంది.
ఎన్నికలు సక్రమంగా జరిపితే ఇంత,
జడ్జీల జోలికి పోకపోతే ఇంకొంత,
ఎంత మారితే అంత.
అందులో ప్రజాస్వామ్యం అన్న మాట డెబ్బైసార్లు,
స్థిరత్వం అన్నది నూటపదకొండు.
బస్సులో లెక్కపెట్టిందట.

కూలిరేట్ల కాగితంలా ఉందే, అన్నాను.
నవ్వలేదు.
"మరి మిమ్మల్ని లోపలికి రానిస్తారా?"
"తలుపు తీసే ఉంది.
గడపే, ఏటా బెత్తెడు పెరుగుతోంది."

అప్పుడే దిగాడు కొండ మీంచి తాడింగి సొంబరు,
గొడుగు మడతలో దాచిన పాలిథిన్ సంచీతో.
రెండు రేషన్ కార్డులు, రెండు ఓటు కార్డులు.
ఒడిశా లెక్కలో అతనికి యాభై రెండు,
ఆంధ్ర లెక్కలో నలభై ఏడు.
ఆ తేడా ఐదేళ్ళూ ఎక్కడ బతికాడో
ఏ ఆఫీసూ అడగలేదు.

వాళ్ళ గుమ్మిపొదరు మాదంటే మాదని ఇద్దరూ.
వీళ్ళు వాగు దాకా రోడ్డేశారు, వాళ్ళు వాగు నుంచి వేశారు,
వాగు మీద ఎవరూ ఏమీ వెయ్యలేదు.
రెండు బళ్ళు, రెండు రంగులు,
రెంటికీ కలిపి ఒక్క మాస్టారూ రాడు.
రాత్రి ఒకరు బోర్డు పాతితే
పొద్దున్నే ఇంకొకరు పక్కనే కాస్త ఎత్తుగా పాతుతారు.
మేకలు రెంటికీ వీపు రుద్దుకుంటాయి.

విడమరిచి చెబితే ఇలింక చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత వాళ్ళ అమ్మమ్మ సంగతెత్తింది.
ఆ ఊరి బావి మీద పన్నెండు చుక్కల నీలం రేకు,
పొయ్యిలో తూర్పు నుంచొచ్చే గ్యాసు.
ఓటు పడమటికి పడిన ఏడు గ్యాసు ఆగింది,
పడమటి నుంచి దుప్పట్లొచ్చాయి, ఫోటో తీసే మనిషితో సహా.
ముసలమ్మ ఇద్దరికీ దణ్ణం పెట్టి
కుర్చీ కోడు విరిచి పొయ్యిలో పెట్టింది.

"ఇతన్నడుగు, ఇద్దర్లో ఎవరు మంచివాళ్ళని."
అడిగాను.
సొంబరు చెవి మీది చుట్ట తీసి, చూసి, మళ్ళీ చెవి మీదే పెట్టుకున్నాడు.
"ముందొచ్చినోల్లకి జీలుగుకల్లు పోస్తాం.
ఎనకొచ్చినోల్లకీ పోస్తాం. సెట్టొకటే కద.
జాకరమ్మకి కోడిని మొక్కుకున్నాం బాబూ,
కోర్టులో కేసు తేలకూడదని.
తేలిపోతే మావెవులికీ కనపడం."

ఇది ఇంగ్లీషులోకి ఎలా మార్చాలో తెలీక
సగమే చెప్పాను.
మిగతా సగం ఎలా అందిందో, నోటుబుక్కు మూసేసింది.

అతను చేతులు చాపాడు సిరా చూపించడానికి.
పంచాయతీకి వేసింది ఒక గోటి కొసకి చేరింది,
చట్టసభకి వేసింది ఇంకో గోటి మొదట్లోనే ఉంది.
రెండూ నిజం ఓట్లే, అన్నాడు,
రెండుసార్లూ అడిగింది వంతెనే.

కరెంటొచ్చింది. మిషను మూలిగి లేచింది.
తెల్లకాగితాలు అయిపోతే
ఆమె పేజీల్లో మసకపడి పారేసినదాని వెనక
అతని ఆఖరి కార్డు తీశాను.
తిప్పి చూశాడు. "ఇదేటి, ఈ పక్క?"
"పొరుగువాళ్ళని బాగుచెయ్యడం ఎలాగని రాశారు."
"ఏ పొరుగోల్లు?"
కోరాపుట్ బస్సు మలుపులో హారన్ కొడుతోంది.
ఇలింక సంచీ ఎత్తుకుంది.

ఆ రోజు సుంకం ఎనభై ఎనిమిది రూపాయలు.
చెడిన కాగితానికి లెక్క కట్టలేదు.