ఇంకొంచెం అటు

ఇంట్లో అందరిలోకీ తేలికదాన్ని నేనే.
పెంకు పగలకుండా నడిచేది
పిల్లి, దాని తరవాత నేను.
అందుకని పర్లాకిమిడిలో మా వీధికి
మొదటి టీవీ వచ్చిన ఏడు
నన్ను పైకి ఎక్కించేశారు.

పైపుకి రెండు గాట్లు.
ఎర్రరంగు గాటు విశాఖపట్నం వైపు, తెలుగుకి.
సున్నం గాటు బరంపురం వైపు, ఒడియాకి,
పక్కింటి పాణిగ్రాహి మాస్టారి కోసం.
బూస్టరు డబ్బుల్లో సగం ఆయనవే మరి.
గాటు దగ్గర ఆపితే బొమ్మ వచ్చేస్తుందనుకునేరు,
రాదు.
గాలి ఒకటుంటుంది, మబ్బు ఒకటుంటుంది,
మహేంద్రగిరి ఒకటుంటుంది అడ్డంగా.

"వచ్చిందా?"
"నేదు. ఇంకొంచెం అటు."
"వచ్చిందా?"
"వచ్చి ఎల్లిపోనాది. ఇటు. ఇటు కాదే, అటు!"
మాస్టారి కూతురు కుంతల గుమ్మంలో ఎగిరి
"ఆసిలా! ఆసిలా!" అని అరిస్తే
అప్పుడు తెలిసేది నాకు,
నా చేతుల్లోంచి ఎవరో కిందికి దిగి
మా గదిలో కూర్చున్నారని.

పైపు పట్టుకుని అలాగే ఉండిపోవాలి.
వదిలితే లోపల చుక్కలు, బుస్సుమని చప్పుడు.
కాబట్టి ఆ రోజుల టీవీ నేను విన్నాను, చూడలేదు.
నాటకాల్లో వాళ్ళకి నేనే మొహాలు పెట్టుకున్నాను:
ఏడ్చే కోడలికి మా కింతలి పిన్ని మొహం,
పోలీసుకి నౌపడా రైలు గార్డు మీసం.
వాళ్ళంతా కింద నవ్వుతుంటే
నేను చూసింది వేరు.
చిన్నరైలు పొగ.
దీపం కింద ఒక్కడూ కూర్చుని
కొమ్ము దువ్వెన అరగదీస్తున్న దాలినాయుడు,
కనుబొమల మీద తెల్లటి పొడి.
ఎవరి పెరటి తలుపు ఎవరి కోసం తెరుచుకుందో కూడా.
అప్పుడు చెప్పలేదు. ఇప్పుడూ చెప్పను.

పదమూడో ఏట ఒక రోజు
అమ్మ నిచ్చెన తీసి గోడవార పడుకోబెట్టింది.
"ఇంక నువ్వు ఎక్కకూడదు."
మూల చాప, చిమ్మిలి ఉండలు, స్నానం.
తమ్ముడు ఎక్కాడు. మూడు పెంకులు పగిలాయి.
మొదటిసారి నేను టీవీ ఎదర కూర్చున్నాను.

ఇంతేనా.
జానెడు మొహాలు, బూడిదరంగువి.
ఆ కోడలు మా పిన్నిలా లేదు.
బొమ్మ వణికినప్పుడల్లా
నా మణికట్టు దానంతటదే తిరిగేది.
పైనించి వాడు "వచ్చిందా?" అంటే
తెర కేసి చూడకుండానే
"ఇంకొంచెం అటు" అనేదాన్ని.

రంగు టీవీ వచ్చేసరికి నాకు పెళ్ళయింది,
నాలుగిళ్ళ అవతలే.
తరవాత కేబుల్ కుర్రాడు త్రినాథ్ సాహు
నల్లతీగని డాబా మీంచి డాబాకి విసిరాడు.
రెండు భాషలూ ఒకే మీటలోంచి వచ్చాయి.
మాస్టారు మా అమ్మ వాళ్ళింటికి రావడం మానేశారు.
కోపమేం లేదు. పని లేదంతే.
పైపు మీద కాకరపాదు పాకింది.
ఇప్పుడు మా ఇంట్లో గోడంత తెర,
దాని మీద దుమ్ము తుడిచేది నేను,
మిగతావాళ్ళు తలో మూల
అరచేతుల్లోకి తల వంచుకుని.

నిన్న ట్యాంకులోంచి నీళ్ళు రావడం లేదు.
అందరికీ పనులున్నాయి.
నిచ్చెన నేనే వేసుకున్నాను యాభై ఒకటో ఏట,
మోకాళ్ళని తిట్టుకుంటూ.
వాల్వు పట్టుకోగానే గొంతు లేచింది,
"వచ్చిందా?"

కింద కొళాయి దగ్గర కాసేపు ఏమీ లేదు.
మహేంద్రగిరి అక్కడే ఉంది.
దాలినాయుడి కొట్టు మీద ఫోన్ల టవరు, ఎర్రదీపం.

"సన్నగా వస్తంది," కోడలు అరిచింది,
"ఇంకొంచెం తిప్పండత్తా."

ఏ వైపుకో చెప్పలేదు.